తేనె రంగు తెర కోసం వజ్రకరూరు దాకా

వజ్రకరూరుకు పోయేవాళ్ళు మామూలుగా వజ్రాల కోసం పోతారు. తొలకరి ముంగారు వాన ఒకటి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో నడుములు వంచి వెతుకుతుంటారు. మా అత్తా నేనూ పోయింది వజ్రానికి కాదు, ఒక పాత కంప్యూటర్ తెరకు. వచ్చినప్పటి నుంచి ఇరుగుపొరుగు వాళ్ళు "అంత దూరం పోయి ఆ డొక్కు టీవీ తెచ్చుకున్నారా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొచ్చింది. అందుకే మొదటి నుంచి రాస్తున్నా.

ఎలుకలు కొరికిన అట్టలు

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి మా ఆయన రామాంజి నేస్తాడు, ఒకటి మా అత్త నారాయణమ్మ. నేను మగ్గంలో కూర్చోను, డిజైన్లు గీస్తాను. పట్టుచీర కొంగులో హంస పడాలంటే ముందు గళ్ళ కాగితం మీద గడి గడిగా బొమ్మ నింపాలి. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఆ అట్టలన్నీ దండ కట్టి మగ్గం పైన ఉండే జకార్డు మిషనుకు వేస్తే, అవి తిరిగేకొద్దీ కింద చీరలో హంస లేస్తుంది.

నా పెండ్లయిన కొత్తలో బెంగళూరులో ఒక డిజైన్ ఆఫీసు మూసేస్తుంటే మా ఆయన అక్కడి కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చినాడు. అది అప్పటికే పాతది. మౌసు లేదు, రంగుల్లేవు. నల్లటి తెర మీద తేనె రంగు గీతలు, అంతే. కానీ దాంట్లో ఉన్న డిజైన్ ప్రోగ్రాం బంగారం. వారం పట్టే గళ్ళ పని ఒక పూటలో అయిపోతుంది. అమ్మినాయన నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పించినాడు. వచ్చేటప్పుడు ఒక హెచ్చరిక కూడా చేసినాడు. "అమ్మా, ఎప్పుడైనా తెర పోతే కనబడినదల్లా తగిలించొద్దు. ఈ తొమ్మిది పిన్నుల ప్లగ్గు అప్పటి రంగు తెరలకూ ఉంటుంది. ప్లగ్గు సరిపోతుంది గానీ లోపల నడక వేరు. తెర కాలిపోతుంది, నీ కంప్యూటర్ డబ్బాలో తెరను నడిపే కార్డు కూడా పోవచ్చు."

ఇన్నేండ్లూ ఆ అవసరం రాలేదు. పోయిన ఎండాకాలం చివర్లో రెండు కష్టాలు ఒకేసారి వచ్చిపడినాయి. అత్త మగ్గం మీద ఒక పెండ్లి చీర ఉంది. ఒళ్ళంతా నేసి కొంగు మొదలుపెట్టే తావ ఆగింది. తెల్లారి లేచి చూస్తే కొంగు అట్టలను ఎలుకలు కొరికి పోగు పెట్టినాయి. "ఏడవాకు లే అత్తా, డిజైన్ కంప్యూటర్లో ఉండాది గదా, మళ్ళీ కొట్టుకుందాం" అని నేను ధైర్యం చెప్పి స్విచ్చి వేసినాను. తెర 'టప్' మనింది. కాలిన వాసన వచ్చి, నల్లబడిపోయింది.

ఊళ్ళో టీవీ మెకానిక్ విప్పి చూసి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ పగిలిందనీ, అట్లాంటిది ఇప్పుడు యాడా దొరకదనీ చెప్పినాడు. కొత్త కంప్యూటర్ల కొట్టువాళ్ళు ఇన్నేండ్ల బొమ్మలన్నీ ఉన్న మా హార్డ్‌డిస్క్ చూసి, ఇది కొత్త వాటికి తగలదు పొమ్మన్నారు. తెర లేకుండానే గుడ్డిగా మీటలు నొక్కి ప్రింటు తీద్దామని కూర్చున్నాను. రెండు మీటలు నొక్కినాక చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎక్కడ ఉన్నానో తెలీదు. 'తీసెయ్యి' అనే వరుస మీద ఉండి ఎంటర్ కొడితే? లేచి వచ్చేసినాను.

ఆ ఏడు మా మరిది పల్లెలో వేసిన చెనక్కాయకు విత్తనాలు కూడా తిరిగి రాలేదు. రెండిండ్ల పొయ్యీ మగ్గాల మీదే. పెండ్లి దగ్గర పడుతోంది. చీర అందకపోతే మాకు పట్టు ఇచ్చే సేటు మళ్ళీ ఇస్తాడో లేదో.

"డబ్బా ఎత్తుకొని అనంతపురం పోయి తెర చూద్దాం పా" అనింది అత్త.

"డబ్బా వద్దత్తా. బస్సు కుదుపులకు లోపల డిస్క్ దెబ్బతింటే బొమ్మలన్నీ పోతాయి."

"రవిక కుట్టించుకోవల్లంటే మనిషి పోకుండా కొలత యాడ తీస్తారమ్మీ? తీసకపోయి, తగిలించి, చూసి కొందాం."

ఆమె చెప్పింది నిజమే. ప్రయాణానికి ముందు, కుదుపులకు దెబ్బతినకుండా డిస్కును పడుకోబెట్టే మాట ఒకటి మీటల మీద కొట్టాలి. అదొక్కటీ చూడకుండానే కొట్టగలను. కొట్టి, డబ్బాకు చెవి ఆనించినాను. లోపల 'టిక్' మని వినిపించింది. పడుకుంది. రామాంజి డబ్బాను పాత బొంతలో చుట్టి, చీర అంచులతో కట్టి ఇచ్చినాడు. ఆయన రాలేడు. రెండో మగ్గం కూడా ఆగితే ఇంట్లో పూట గడవదు.

అనంతపురంలో ఉగ్గాని, చేపల తెర

బస్సులో అత్త డబ్బాను ఒళ్ళో పెట్టుకొని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. కండక్టర్ వచ్చి, "ఏమ్మా, మూటలో ఏముండాది?" అని అడిగినాడు.

"మా కోడలి బుద్ధంతా ఈడనే ఉండాది నాయనా. జాగ్రత్తగా నడపమని ఆయప్పకు చెప్పు."

ఆయన నవ్వినాడు గానీ లగేజీ టికెట్టు మాత్రం కొట్టకుండా వదల్లేదు.

అనంతపురంలో దిగంగానే బస్టాండు ఎదురుగా ఉగ్గాని బజ్జీ తిన్నాం. ప్లేటు ఐదు రూపాయలు. మా ధర్మవరంలో బొరుగులు మెత్తగా నానబెడతారు. ఇక్కడ రవంత కరకర ఉండేటట్టు చేస్తారు, మీద పుట్నాల పొడి దండిగా చల్లుతారు. అత్త రెండో ప్లేటు కూడా అడిగింది. కష్టంలో ఉన్నప్పుడు కడుపు నింపుకోవల్ల అనేది ఆమె పద్ధతి.

అడుగుతూ పోతే, కంప్యూటర్లు రిపేరు చేసే బాషా అన్న అంగడి ఒక మేడ మీద దొరికింది. యాభై దాటిన మనిషి. గోడ పొడుగునా పాత తెరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బల్ల మీద ఒక పెద్ద రంగు తెర వెలుగుతోంది, దాంట్లో ఎర్రచేపలు ఈదుతున్నాయి. అత్త దాని ముందర నిలబడిపోయింది.

"అమ్మీ, ఇది తీసుకుందాం. హంస నిజంగా హంస మాదిరే కనపడ్తాది."

"దాని ప్లగ్గే వేరత్తా. పదహైదు పిన్నులు."

బాషా అన్న మా డబ్బా వెనక చూసి, గోడ దగ్గరికి పోయి, అడుగు నుంచి ఒక తెర లాగినాడు. ఎవరిదో పాత ఆఫీసుది. అదీ రంగుదే. దుమ్ము తుడిచి ప్లగ్గు చూపించినాడు. తొమ్మిది పిన్నులు!

"చూడమ్మా, అచ్చంగా పడ్తాది. తగిలిస్తా."

నేను గబుక్కున మా డబ్బా వెనక చెయ్యి అడ్డం పెట్టినాను. "వద్దన్నా. ఇది రంగుది. మాది ఒకే రంగు చూపించే కార్డు. రెండిటికీ ప్లగ్గు ఒకటే, నడక వేరు."

"పడుతుంది గదమ్మా."

"పడుతుంది. తర్వాత కాలుతుంది."

అత్తకు కోపం వచ్చింది. "పని చేసేటోళ్ళకు తెలీదా? నువ్వేమన్నా ఇంజనీరువా?" అనింది అందరి ముందర. నాకు ముఖం మాడిపోయింది. నిజానికి నాకూ పూర్తి ధైర్యం లేదు. ఎప్పుడో విన్న మాట పట్టుకొని చేతికొచ్చిన తెరను కాలదంతున్నానేమో అనిపించింది. అయినా చెయ్యి తియ్యలేదు.

బాషా అన్న ఏమనుకున్నాడో, ప్లగ్గు కింద పెట్టి మా డబ్బా మూత విప్పినాడు. కార్డు మీద చీటీ చదివినాడు. రంగు తెర వెనక రేకు చదివినాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆయమ్మ చెప్పిందే కరెక్టు పెద్దమ్మా" అన్నాడు అత్తతో. "ఇవి రోజూ వచ్చేటివి కాదు, మరిచిపోయినా. తగిలించింటే మీరూ నేనూ తలకాయ పట్టుకోవాల్సి వస్తాండె."

అత్త నా పక్క చూడలేదు. బొంత అంచు సర్దింది.

మాకు చాయ్ తెప్పించి, బాషా అన్న చాలాసేపు ఆలోచించినాడు. తర్వాత చెప్పినాడు. వజ్రకరూరు తావ వజ్రాల కోసం బోర్లు వేసే క్యాంపు ఒకటి ఉండేదంట. ఆయన అప్పట్లో పోయి వాళ్ళ మిషన్లు బాగుచేసి వచ్చేవాడు. తెరలు ఎక్కువ భాగం ఇట్లాంటివే, తేనె రంగువి. క్యాంపు ఎత్తేసినప్పుడు సామానంతా వేలం వేస్తే, అక్కడ వంట చేసే సుంకన్న అనే ఆయన మూడు తెరలు కొన్నాడని విన్నాడంట.

"వంటాయనకు తెరలు ఏం పనికన్నా?" అని అడిగినాను.

"అది అల్లాకే తెలియాల. పోయి చూడండి. ఉంటే మీ అదృష్టం."

ఉరవకొండ దారిలో, ఉరవకొండలో

ఉరవకొండ బస్సు కూడేరు దాటినాక పంక్చరయింది. అందర్నీ దించినారు. నీడంటే ఒక్క తుమ్మచెట్టు. డబ్బాను దాని కింద పెట్టి, చుట్టూ మేం కూర్చున్నాం. రోడ్డుకు రెండు పక్కలా దున్నిపెట్టిన నేల, వాన కోసం ఆగి ఉంది. పోయిన వారం ఒక జల్లు పడిందంట, మట్టి వాసన కూడా పోయింది.

మా పక్కన ఒక మొగుడూ పెండ్లాం కూర్చున్నారు. శింగనమల పక్క వాళ్ళు. ఆమె పేరు లింగమ్మ. చెరువు కింద కూలిపనులు చేసేవాళ్ళంట. చెరువులో నీళ్ళు లేక పనుల్లేవు, అందుకని వజ్రకరూరుకు రాళ్ళు ఏరడానికి పోతున్నారు.

"మీరూ రాళ్ళకేనా?" అని అడిగింది మా మూట చూసి.

అత్త జరిగిందంతా చెప్పింది. లింగమ్మ శ్రద్ధగా వినింది. తర్వాత అత్త అడిగింది, "అది వజ్రమని నీకెట్ల తెలుస్తాదమ్మా?"

"నాకేం తెలుస్తాదక్కా? మెరిసిందల్లా కొంగున ముడేసుకుంటాం. సాయంత్రం రాళ్ళు కొనే ఏపారి చూసి, పారెయ్యమంటే పారేస్తాం."

"ఎప్పుడన్నా దొరికిందా?"

"మా చిన్నాయనకు ఒగసారి దొరికింది. ఆ దుడ్లతోనే మేకలు కొన్నాడు. అవి సచ్చిపోయినాయనుకో. కానీ దొరికింది మాత్రం నిజం."

అత్త మా అన్నం మూట విప్పి, చెనక్కాయల పొడి కలిపిన ముద్దలు నలుగురికీ పెట్టింది.  బస్సు టైరు మార్చినాక మా డబ్బాను లింగమ్మ మొగుడే ఎత్తి, సీటు మీద మెల్లగా దించినాడు.

ఉరవకొండలో అత్తకు పెద్దమ్మ కూతురు ఉంది, సాలమ్మ. ఆ రాత్రికి వాళ్ళింట్లో ఉన్నాం. ఇక్కడా మగ్గాల చప్పుడే, కానీ మా వీధి మాదిరి కాదు. మాటలో కన్నడం ఎక్కువ. గడప దాటంగానే ముందు బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు ఇచ్చినారు. మా పక్క నీళ్ళు మాత్రమే ఇస్తాం. మేం సంగటి ముద్ద తినే మనుషులం. ఇక్కడ సాలమ్మ జొన్నరొట్టెలు చేత్తోనే తట్టి, పల్చగా, ఎత్తి చూస్తే అవతల దీపం కనపడేటట్టు చేసింది. ఊరిబిండి పచ్చడి నూరి వడ్డించింది. ఆ రాత్రి తిన్నంత రొట్టె నేను జన్మలో తినలేదు.

పడుకునేటప్పుడు అత్త చీకట్లో, "అమ్మీ, నిద్రపోయినావా?" అనింది.

"లేదత్తా."

"ఆ బాషా తగిలించింటే ఏమయ్యేది?"

"పోయేది."

అత్త నా పక్కకు తిరిగింది. "నేను ఆడ అట్ల అనకుండా ఉండాల్సింది" అనింది. నేను ఆమె బొంత మీద చెయ్యి వేసినాను. అంతకు ముందు ఆమె నాతో ఎప్పుడూ అట్ల మాట్లాడలేదు.

వజ్రకరూరులో పలకని టీవీలు

పొద్దున్నే ఆటోలో వజ్రకరూరు చేరినాం. చేలల్లో జనం అప్పటికే వెతుకుతున్నారు. తలకు తువ్వాళ్ళు చుట్టుకొని, కండ్లు నేలకు అతికించుకొని, అడుగు తీసి అడుగు వేస్తున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చేని గట్టు మీద టీ అమ్మేవాళ్ళు కూడా వచ్చేసినారు. ఊళ్ళో టీ రూపాయైతే గట్టు మీద రెండు రూపాయలు.

సుంకన్న ఇల్లు అడిగితే, చెప్పేవాళ్ళందరూ నవ్వుకుంటూ చెప్పినారు. ఎందుకో ఇంటికి పోయినాక తెలిసింది. ఆయనకు అరవై ఉంటాయి. గడపలో కూర్చొని వేపపుల్ల నములుతున్నాడు. "పాత కంప్యూటర్ తెరలు..." అని నేను మొదలుపెట్టంగానే పుల్ల తీసి పక్కకు ఊసినాడు.

"మీరూ నవ్వను వచ్చినారా?"

లోపల నుంచి ఆయన భార్య ఎర్రమ్మ బయటికి వచ్చింది. "వాళ్ళు ధర్మవరం నుంచి వచ్చినట్లుండారు. నవ్వను అంత దూరం వస్తారా ఎవరన్నా? లోపలికి రాండమ్మా" అని చాప వేసింది.

కథంతా ఆమే చెప్పింది. వేలంలో తెరలు చూసి సుంకన్న టీవీలు అనుకున్నాడు. ఒకటి ఇంటికి, ఒకటి కూతురికి, ఒకటి వాళ్ళన్నకు అని మూడు కొన్నాడు. ఎద్దులబండిలో ఊరేగింపుగా తెచ్చినాడు. క్రికెట్ చూద్దామని ఊరంతా వచ్చి కూర్చుంది. ఏంటెనా తగిలించే తావే లేదు. అప్పటి నుంచి ఈయన పేరు 'టీవీ సుంకన్న' అయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది వాళ్ళన్నే.

"అవి టీవీలు కాదన్నా" అని నేను చెప్పినాను. "కానీ పనికిరానివి కూడా కాదు. ఉన్నాయా ఇంకా?"

ఆయన నా ముఖంలోకి చూసినాడు, ఎగతాళి చేస్తున్నానేమో అని. తర్వాత లేచి, చెనక్కాయ బస్తాలు పెట్టే గదిలోకి తీసుకపోయినాడు. మూల్లో గోనెపట్టాల కింద మూడు తెరలు ఉన్నాయి. ఒకదాని మీద కోడి పొదిగి ఉంది. ఎర్రమ్మ దాన్ని గుడ్లతో సహా గంపలోకి మార్చింది.

మొదటిది పెద్దది. వెనక రేకు చూసినాను, రంగుది. పక్కన పెట్టేసినాను. అత్త ఈసారి ఒక్క మాట అనలేదు. మిగిలిన రెండూ మా రకమే, ఒకే రంగు అక్షరాలవి. ఒకటి ఆకుపచ్చది, నిన్న కొన్నట్టు శుభ్రంగా ఉంది. ఇంకొకటి తేనె రంగుది, కానీ పైన గీతలు, ఒక మూల చిట్లిన ప్లాస్టిక్. అద్దంలో ఎప్పటివో అంకెల వరుసలు మచ్చలాగా అచ్చుపడి ఉన్నాయి. ఏండ్ల తరబడి ఒకటే పట్టిక చూపించి చూపించి అట్లా అయిందేమో.

తగిలిద్దామంటే కరెంటు లేదు. మధ్యాహ్నానికి గానీ రాదంట. ఎర్రమ్మ సంగటి వండి, వంకాయ పులుసు చేసి, మా ఊరి సంగటి కంటే గట్టిగా ఉండే ముద్దలు పెట్టింది. సుంకన్న ఎవరినో అడిగి స్టెబిలైజర్ తెచ్చినాడు. ఈ లోపల సంగతి ఊళ్ళో పాకినట్టుంది. ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. సుంకన్న వాళ్ళ పక్క చూడకుండా తెరలు తుడుస్తూ ఉన్నాడు.

కరెంటు వచ్చింది. పచ్చ తెర తగిలించి, డబ్బా స్విచ్చి వేసినాను. ఫ్యాను తిరిగింది. తర్వాత డబ్బా 'కూఁ' అని పొడుగ్గా ఒకసారి, పొట్టిగా రెండు సార్లు కూసింది. తెర మీద ఏమీ రాలేదు.

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వినారు. అత్త నా చెయ్యి పట్టుకుంది.  నాకు డిస్కు మీదే మనసు పోయింది. ఇన్నేండ్ల హంసలూ నెమళ్ళూ ఆ కూడేరు గుంతల్లో పోయినాయేమో అనుకున్నాను. కానీ ఆ కూత ఇంతకు ముందు ఒకసారి విన్నాను, రామాంజి డబ్బా తుడిచి కార్డు సరిగా నొక్కనప్పుడు. ఆపి, ప్లగ్గు పీకి, మూత తీసినాను. తెరకు పోయే కార్డు కుదుపులకు ఒక పక్క పైకి లేచి ఉంది. రెండు బొటనవేళ్ళతో నొక్కినాను. మళ్ళీ స్విచ్చి వేసినాను.

ఈసారి పొట్టిగా ఒక్క కూత. పచ్చ అక్షరాలు కిందికి కారుకుంటూ వచ్చినాయి. డిస్కు గరగరమని లేచింది. హంస కొంగు పేరు కొట్టినాను. తెర నిండా గళ్ళు, గళ్ళ నిండా హంసలు.

"వచ్చె! అమ్మీ, వచ్చె!" అని అత్త అరిచింది.  సుంకన్న కిటికీ దగ్గరికి పోయి, అరుగు మీద వాళ్ళతో ఒక్కటే మాట అన్నాడు. "రాండ్రప్పా. వచ్చి చూడండి."

అందరూ గదిలోకి తోసుకొని వచ్చినారు. "కదల్దా?" అని ఒకాయన అడిగినాడు. "చీర కట్టుకొని నడిస్తే కదుల్తాది" అని అత్త జవాబు ఇచ్చింది.

నేను పచ్చదే తీసుకుందామనుకున్నాను. చూడను బాగుంది, వెలుగు దండిగా ఉంది. కానీ తొందరపడకుండా కాసేపు వేడెక్కనిచ్చినాను. కుడి అంచున గళ్ళు రవంత వంగినట్టు అనిపించింది. నా కండ్లేమో అనుకున్నాను. అత్త నడుముకు ఎప్పుడూ పట్టు పోగు ఒకటి చుట్టి ఉంటుంది, తెగిన పడుగు అతకడానికి. దాన్ని విప్పి, రెండు చేతుల్తో బిగించి తెర మీద నిలువుగా పెట్టింది. పోగు నిటారుగా ఉంది. గీత దాని పక్క నుంచి విల్లు మాదిరి వంగిపోతోంది. చూస్తుండంగానే ఇంకా వంగింది.

"ఇట్లా వంగిన గళ్ళు చూసి గీస్తే హంస మెడ విరుగుతుంది" అన్నాను.

తేనె రంగుది తగిలించినాము. వెలుగు తక్కువ. పక్కనున్న మీట తిప్పితే రవంత పెరిగింది. పాత అంకెల మచ్చలు హంసల వెనక నీడల్లాగా కనబడినాయి. అత్త పోగు పెట్టింది, ఎడమ, కుడి, పైన, కింద. గీతలన్నీ పోగు కింద దాక్కున్నాయి. బాగా వేడెక్కినాక మళ్ళీ పెట్టింది. అట్లే ఉన్నాయి.

"ఇదే" అనింది అత్త.

"ఇదే" అన్నాను నేను.

సుంకన్న ధర దగ్గర పేచీ పెట్టలేదు. ఒక్కటే కోరిక కోరినాడు. "మా అన్న చేనికి పోయినాడు. వచ్చేదాకా ఆర్పొద్దమ్మా." గుంతకల్లు బస్సు ఒకటి పోతుందని తెలిసినా, ఆయన ముఖం చూసి కాదనలేకపోయినాం. సాయంత్రం ఆ పెద్దాయన కట్టెపుల్లల మోపుతో వచ్చినాడు. మోపు దించి, తెర ముందర వంగి చాలాసేపు చూసినాడు.

"బాతు" అన్నాడు.

"బాతు కాదన్నా, హంస!" అని సుంకన్న గట్టిగా అరిచినాడు. అందరూ నవ్వినారు. ఈసారి సుంకన్న కూడా నవ్వినాడు. ఎర్రమ్మ మాకు బొట్టు పెట్టి, తెర చుట్టూ సందుల్లో చెనక్కాయ పొట్టు కూరి గోనెసంచిలో కుట్టి ఇచ్చింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాం.

గుంతకల్లు రైల్లో నీళ్ళ బిందె

తిరుగు ప్రయాణం రైల్లో చేసినాం, కుదుపు తక్కువని. గుంతకల్లులో కూర్చునే తావు దొరికింది. తెరను సీటు కింద, డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాం. ఇంగ ఇల్లు చేరినట్టే అనుకొని నేను కునుకు తీసినాను.

అనంతపురం ఇంకా రాకముందే అత్త కేకతో లేచినాను. ఎదురుగా ఉన్నామె తాగే నీళ్ళు బిందెతో తీసకపోతోంది, వాళ్ళ ఊళ్ళో బోరు ఎండిపోయిందంట. బండి ఊపుకు బిందె వాలింది. నీళ్ళు సగం మా గోనెసంచి మీద. ఆమె లబోదిబోమని మొత్తుకుంది. నీళ్ళు పోయినందుకు కొంత, మా సామాను తడిసినందుకు కొంత. ఆమెను తిట్టను కూడా మాకు మనసు రాలేదు. అత్త సంచి విప్పి తడిసిన పొట్టంతా కిటికీ బయట పారేసి, తన కొంగుతో తెరను తుడిచింది. వెనక గాలి పోయే సందుల్లో నీటి చుక్కలు మెరుస్తున్నాయి. లోపలికి ఎంత పోయిందో ఎవరికి తెలుసు?

ధర్మవరం దాకా అత్త ఆ సందులను కొంగుతో ఒత్తుతూనే ఉంది.

ఇంట్లో

స్టేషన్‌కు వచ్చిన రామాంజి వెంటనే తగిలిద్దామన్నాడు. "ముట్టుకున్నావంటే చూడు" అనింది అత్త. తెరను మిద్దె మీద పల్చటి గుడ్డ కప్పి రెండు రోజులు ఎండలో పెట్టినాం. కాకి వాలకుండా, పక్కింటి పిల్లి రాకుండా వంతులు వేసుకొని కాపలా కాసినాం. మా ఎండ మామూలు ఎండ కాదు గదా. ఏండ్ల తరబడి దాన్ని తిట్టుకున్నవాళ్ళం, ఆ రెండు రోజులూ మబ్బు కనబడితే ఉలిక్కిపడినాం.

ఆరింది అని నమ్మకం కుదిరినాక, పొద్దున పూట తగిలించినాం. స్విచ్చి నేను వెయ్యలేకపోయినాను. రామాంజి వేసినాడు. తెర లోపల సన్నగా చిటపటమనింది. నేను కండ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నల్లటి అద్దం మీద తేనె రంగు అక్షరాలు ఒక్కొక్క వరుసే దిగుతున్నాయి. నేను కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత గట్టు మీద కూర్చుండిపోయినాను. అత్త లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ప్రింటరు మీద కాగితాలు ముందుకు జరుగుతుంటే వాటిని వరసగా అతికించినాం. అట్టలు కొట్టినాం, దండ కట్టినాం. ఈసారి దండను ఎలుకలకు అందకుండా ఇనుప తీగ మీద వేలాడదీసినాడు రామాంజి. పెండ్లికి ఇంకా టైముంది.

అత్త మగ్గంలో దిగి, జరీ దారం చుట్టిన కండె తీసుకొని పని మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి హంస పాదాలు లేచినాయి, తర్వాత పొట్ట, తర్వాత మెడ. మెడ నిటారుగా ఉంది. అత్త దాని మీద ఒకసారి వేలు పెట్టి నిమిరింది. తర్వాత కాళ్ళు గుంతలోంచి పైకి తీసి, గట్టు మీద పక్కకు ఒరిగి, చెయ్యి తల కింద పెట్టుకుంది. చూస్తుండంగానే నిద్రపోయింది. పగటిపూట ఆమె నిద్రపోవడం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి చూడలేదు.

రామాంజి తన మగ్గం ఆపి, చప్పుడు కాకుండా లేచినాడు. నేను వీధి తలుపు దగ్గరికి వేసినాను. అత్త లేచేదాకా రెండు మగ్గాలూ ఆగే ఉన్నాయి. ఎవరికీ దిగులు లేదు.